చేతిలోంచి జారిందట

ముందు ఆవాలనుకుంది, వంటింటి బల్ల మీద పెట్టి విప్పుతోంది కదా, పోపుల డబ్బాలోంచి దొర్లి ఉంటాయిలే అనుకుంది, కానీ ఆవాలకి ఈ కంపేమిటి, పైమూత ఇంకో రెండంగుళాలు ఎత్తి చూసి రాజశ్రీ గబుక్కున చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది, ఛీ ఛీ, బొద్దింకల పెంట, కూతురు అమ్ము ఆడుకునే వీడియో గేమ్ పెట్టె లోపలంతా బొద్దింకల పెంట, ఫ్యాను రెక్కల సందుల్లో, కరెంటు భాగం మూలల్లో, గుడ్ల సంచులైతే ఎవరో తీరిగ్గా కూర్చుని అంటించినట్టు వరసగా, వెచ్చగా ఉంటుందని కాపురాలు పెట్టేశాయి, మూడేళ్ళుగా ఇది టీవీ కింద కూర్చుని వేడిగాలి వదులుతుంటే ఆ గాలే ఇంట్లో నలుగురూ పీల్చారు, ఆ గాలికి ఎదురుగా కూర్చునే పకోడీలు తిన్నారు, తలచుకుంటే పొద్దున్న తాగిన టీ గొంతులోకి వస్తోంది, ఒకటి ఇంకా బతికే ఉంది, మీసాలాడించుకుంటూ బయటికొచ్చి ఆమె మణికట్టు మీదుగా పరుగు తీసింది, చెప్పు తీసి బల్ల మీదే చటుక్కున కొట్టింది, తెల్లగా చితికింది, ఈ బల్ల మీదే నిన్న చపాతీలు వత్తింది, ఏటే ఆ సప్పుడు అని వరండాలోంచి అత్తగారు సూర్యావతి, ఏం లేదత్తయ్యా బొద్దింక, ఓలమ్మ ఒక్క బొద్దింకకి అంత సప్పుడేటి అని ఆవిడ మళ్ళీ లాల్‌భాజీ ఆకు ఏరుకోవడంలో పడిపోయింది, ఒక్కటైతే బాగానే ఉండును.

పదిన్నర దాటింది, అమ్ము బడినుంచి ఒకటిన్నరకి వస్తుంది, భర్త గిరీష్ ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి రెండున్నర, ఆలోగా దీన్ని మళ్ళీ నిలబెట్టాలి, ఎవరు పెట్టారు ఆ గడువు అంటే ఎవరూ పెట్టలేదు, ఆయన రాగానే పగిలిన వస్తువు కంటపడకూడదు, పడితే ఆయన మొహం అదోలా అయిపోతుంది, ఆ మొహం చూడలేక ఇలా పాత పళ్ళబ్రష్షు పట్టుకుని బొద్దింకల మరుగుదొడ్డి కడుగుతోంది, స్పిరిట్టు ముంచి తోముతుంటే నల్లటి నీళ్ళు కారుతున్నాయి, ఫ్యాను విప్పి సబ్బునీళ్ళలో పడేసింది, అసలు గాయం మటుకు వెనకాల ఉంది, టీవీ తీగ వచ్చి దూరే మూతి దగ్గర, తీగతో సహా ఎగిరి గోడకి తగిలింది కదా, మూతి ఒరిగిపోయింది, దాని సన్నటి కాళ్ళలో నాలుగైదు బోర్డు మీంచి లేచిపోయాయి, భూతద్దంలో చూస్తే నాలుగు కాదు ఆరు, దుర్గ్‌లో ఐటీఐ చదివేటప్పుడు ఇంతకన్నా సన్నవి అతికింది, ఎలక్ట్రానిక్స్ ట్రేడులో ముప్ఫై మంది కుర్రాళ్ళ మధ్య తనొక్కతే ఆడపిల్ల, నరసింగరావు సార్ తన పనే ఎత్తి అందరికీ చూపించేవారు, ఈ అమ్మాయి అతికింది అతికినట్టే తెలియదర్రా, చూసి ఏడవండి అనేవారు, ఆ మాటకి వారం రోజులు నేల మీద నడవలేదు తను, పెళ్ళయ్యాక ఆ సోల్డరింగ్ ఐరన్ పెట్టెలోకి పోవాల్సింది, పోలేదు, ఈ ఇంట్లో దానికి ఎప్పుడూ పనే.

గోడగడియారం, రిమోటు మూడుసార్లు, టేబుల్ ఫ్యాను, మిక్సీ, దేనికి తగ్గ కథ దానికుంది, గడియారాన్ని గాలి పడేసింది, ఫ్యాన్ని పిల్లి తోసేసింది, భిలాయి మొత్తమ్మీద సెక్టర్ ఆరులో ఈ క్వార్టర్లో వీచినంత గాలి ఇంకెక్కడా వీచదు, పాపం పిల్లి ఎవరిదో కూడా తెలియదు, పక్కింటి దీదీ ఓసారి నవ్వి మీ ఇంట్లో సామాన్లకి కాళ్ళొచ్చాయా అంది, తనూ నవ్వింది, ఎంత బాగా నవ్విందని, ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఈ బొద్దింకల పెంట కంటే అదే వెగటుగా ఉంది, ఆదివారం మటుకు గాలీ పిల్లీ దొరకలేదు, నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకున్నాడు గిరీష్, పిల్ల సౌండు తగ్గించుకునే ఆడుకుంటోంది, కారు పందేలేవో, గదిలోంచి వచ్చాడు, అరవనైనా అరవలేదు, అరిస్తే బాగుండేది, వంగి పెట్టెని తీగలతో సహా పీకి గోడకేసి కొట్టాడు, తర్వాత వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళి పడుకున్నాడు, ఆ గ్లాసు బోర్లించడం, దాన్ని తలచుకుంటేనే తన ఒళ్ళు మండిపోతుంది, ఆ మంటతో పట్టుకుంటే ఒక్క కాలూ అతకదు, మొదటి కాలికి ఐరన్ మొన ఆనించింది, సన్నగా పొగ లేచింది, సీసం వెండి బొట్టులా కరిగి కాలు చుట్టూ కూర్చుంది, ఒకటి అయింది.

ఆ ఆదివారం సాయంత్రం సెక్టర్ టూలో భజనకెళ్ళిన అత్తగారు తిరిగొచ్చి, ఏటయిందే దీనికి మూలన పడుంది అంటే, మేరే హాథ్ సే గిర్ గయా నానమ్మా, నా చేతిలోంచి జారిపోయింది అనేసింది అమ్ము, పదమూడేళ్ళ పిల్ల, నీళ్ళు నమలలేదు, తడబడలేదు, అప్పట్నించి ఈ మూడు రోజులూ ముసలావిడ పిల్లని వదిలిపెడితే ఒట్టు, సేతులా అవి సేటలా, ఆడగుంటకి అంత అజాగర్తయితే రేపెలగ, అన్నం తింటున్నా అదే, జడ వేస్తున్నా అదే, ఆదివారం రాత్రి చూడాలి, చారు కలుపుకుంటూ గిరీష్, ఆ చేతితోనే, వస్తువు విలువ తెలియాలమ్మా, జాగ్రత్తగా వాడుకోవాలి అన్నాడు, ఏమీ ఎరగనట్టు, నిజంగా ఎరగడేమో అన్నంత నిదానంగా, పిల్ల జీ పప్పా అంది, తను గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ఇంకాస్త చారు పొయ్యనా అని అడిగింది, అడిగింది, ఛీ, పోసింది కూడా, రెండో కాలు అతికింది, మూడోది పక్కదానితో కలిసిపోయింది, అంటుకున్న సీసం పీల్చేసి మళ్ళీ అతకాలి.

పన్నెండు కొట్టేసరికి ఎండ వంటింట్లోకి వచ్చేసింది, అతుకులకి పూసే ఫ్లక్సు కాలిన వాసన, దానితో కలిసి తోమినా పోని ఆ పాచి కంపు, ఈ రెండూ కలిస్తే ఏదో పాత వాసన, ఏమిటది, చీము, అవును, నాన్న ముంజేతి చీము, నాన్న పేరు తాతబ్బాయి, ఊరి బయట చిన్న రోలింగు మిల్లులో చేసేవాడు, ఆ మిల్లు ఇప్పుడు లేదు, గేటు దగ్గర బోర్డు ఉండేది, ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు అని సుద్దతో అంకె వేసేవారు, రెండొందల యాభై దాటితే అందరికీ తలో ప్రెషర్ కుక్కరు, రెండొందల ముప్ఫైలో ఉండగా ఎర్రటి ఇనప ముక్క ఎగిరి నాన్న చేతి మీద పడింది, పడలేదన్నాడు, తనొక్కడి వల్ల అందరి కుక్కర్లూ పోతాయని మే నెల ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని డ్యూటీకెళ్ళాడు, రాత్రి అమ్మ ఆ చొక్కా విప్పితే గుడ్డతో పాటు చర్మం వచ్చేది, ఆ వాసనకి తను గుమ్మంలో కక్కుకుంది, ఎదురింటి వాళ్ళడిగితే పదేళ్ళ తను, నాన్న మీద వేడి పప్పు ఒలికింది అని చెప్పింది, అమ్మ లోపలికి తీసుకెళ్ళి తల నిమిరి బెల్లం ముక్క పెట్టింది, కుక్కరు వచ్చింది, అందరూ సంతోషించారు, నాన్న చిటికెన వేలు మళ్ళీ వంగలేదు, అంత రోతలో ఆ బెల్లం ఎంత తియ్యగా ఉందో నాలుక మీద ఇప్పటికీ ఉంది.

ఆరో కాలు కూడా కూర్చుంది, చిప్పు మీద ఎండిపోయి సున్నంలా రాలుతున్న పాత పేస్టు గీకేసి కొత్తది పూసింది, ఫ్యాను బిగించింది, నక్షత్రం తల మరలు ఒక్కొక్కటీ తిప్పింది, ఓ మర మిగిలింది, మిగలకూడదు, మళ్ళీ విప్పి దాని చోట అది పెట్టింది, చీలిన మూలకి లోపలి వైపునుంచి జిగురు పట్టించి బయట సన్నటి గరుకు కాగితంతో రుద్దితే గీత కూడా మాయమైంది, ఒంటిగంటా పది, టీవీకి తగిలించి బటన్ నొక్కింది, బీప్ మంది, ఫ్యాను తిరిగింది, చప్పుడే లేదు, తెర మీద నీలంగా వెలుగొచ్చింది, ఒక్క క్షణం అన్నీ మర్చిపోయి చప్పట్లు కొట్టుకుంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ చేతులు, ఎవరి సాయమూ లేకుండా, ఎంత సంతోషమో, పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎక్కడా మచ్చ లేదు, గోడకి తగిలినట్టు దీని ఒంటి మీద సాక్ష్యమేమీ మిగల్లేదు, అలా అనుకోగానే సంతోషం చప్పున చల్లారిపోయింది.

గేటు చప్పుడు, బ్యాగు సోఫాలోకి ఎగిరింది, హే మమ్మీ చాలూ హో గయా, పనిచేస్తోందే, అమ్ము వచ్చి వెనకనుంచి వాటేసుకుంది, చెమట వాసన, పెన్సిలు పొట్టు వాసన, లగ్తా హీ నహీ కీ టూటా థా, నిజంగా పగిలినట్టే తెలీట్లేదు మమ్మీ, నువ్వు మహా గ్రేట్ అని బుగ్గ మీద ముద్దు పెట్టింది, ఆ సందడికి సూర్యావతి ఆకుకూర చేట పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది, బాగయిపోయిందేటి, మీ అమ్మ కాబట్టి ఇలగ కూకుని బాగుసేసింది, ఈసారి పడీసావంటే ఆ సేతులిరగ్గొట్టీస్తాను సూడు గుంటా, సారీ నానమ్మా ఇంకెప్పుడూ పడెయ్యను అంది అమ్ము, ఎంత తేలిగ్గా అందో, అంటూ రెప్పపాటు కాలం తన వైపు చూసింది, సరిగ్గా చెప్పానా అన్నట్టు, రాజశ్రీ గడ్డం అప్పుడే కిందికి దిగుతోంది, దిగుతోందని తనకే తెలిసింది, మెడ తనది కానట్టు దానంతటది వంగుతోంది, సరిగ్గానే చెప్పావు అని తల ఊపడానికి, ఆదివారం కూడా ఇంతే.

ఆదివారం కూడా పిల్ల ముందు తన వైపే చూసింది, చూసి, తను తల ఊపాక, అప్పుడు చెప్పింది ఆ మాట, మూడు రోజులుగా తండ్రి మీద ప్రేమతో అలా చెప్పిందని, ఎంత మంచి పిల్లో అని మురిసింది తను, అలా చెప్పమని దానికి తండ్రి చెప్పలేదు, ఆయనకి అంత పని కూడా పెట్టలేదు తను, ఆ అబద్ధం గిరీష్‌ది కాదు, అమ్ముది కాదు, మొదట్నించీ తనది, పిల్ల నోటితో చెప్పించింది అంతే, గడ్డం సగంలో ఆగింది, అత్తయ్యా, అది అమ్ము చేతిలోంచి జారలేదు, మీ అబ్బాయి గోడకేసి కొట్టాడు, నేను ఇక్కడే నిలబడి చూశాను, ఏటీ అంది సూర్యావతి, చేటలో ఆకులు తిరగేస్తున్న చెయ్యి ఆగిపోయింది, ఆవిడకి కోపమొచ్చిందో నమ్మిందో తెలియలేదు, ఏదైతేనేం, అమ్ము మమ్మీ, మమ్మీ రెహనే దో నా, వదిలెయ్ అని చున్నీ లాగుతోంది, భయపడుతోంది పిల్ల, నిజం చెబితే భయపడేలా పెంచింది తను, ఆ చెయ్యి పట్టుకుని దానికి బాగా వచ్చిన భాషలో, అనుమానానికి తావు లేకుండా ఇంకోసారి చెప్పింది, పప్పా నే ఫేంకా థా, తుమ్‌నే నహీ గిరాయా, విసిరింది పప్పా, పడేసింది నువ్వు కాదు, రెండున్నరకి ఆయన వస్తాడు, వచ్చి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుంటాడు, ఆయన ఎదురుగా, ఆయన తల్లీ కూతురూ వింటుండగా మూడోసారి చెప్పాలి, అన్నం వడ్డించకముందే చెప్పాలి.