బుట్టలో తగ్గుతున్న కాయలు

బుట్టలో ఓక్ కాయలు మళ్ళీ తగ్గాయి. నిన్న సాయంత్రం అంచుదాకా ఉన్నవి, ఈ ఉదయానికి సగానికి దిగాయి. ఒక్‌జు టీచర్‌కు ఒళ్ళు మండింది. ఆకులు రాలే ఈ కాలంలో లెక్కలు నేర్పడానికి, అనుమతి తీసుకుని మరీ పిల్లలతో బడి వెనక కొండ దగ్గర ఏరించిన కాయలవి. గుడ్ల అట్టల గుంటల్లో అంకెలు రాసి, అంకెకు సరిపడా కాయలు వేయించడం, తలమీద టోపీలాంటి తొడుగు ఉన్నవీ లేనివీ వేరుచేయించడం ఈ నెల పాఠం. కాయలే లేకపోతే ఇంక దేనితో లెక్కపెట్టిస్తుంది?

ఎవరిదీ పని? ఆమె చూపు వంటగది మీద పడింది. బడిలో వంటచేసే సున్‌రే పిన్ని అక్కడ ఓక్ కాయల పిండితో చేసిన ముక్ కోస్తోంది. జున్నులా వణికే ఆ గోధుమరంగు ముక్కలు చూడగానే అనుమానం గట్టిపడింది.

"ముక్ భలే కుదిరింది పిన్నీ! పిండి ఎక్కడిదేమిటి?"

"సంతలో కొన్నాలే పిల్లా. కొండమీద ఏరితే అటవీశాఖవాళ్ళు తాట తియ్యరూ? ఇదిగో, తిను. పుల్లలా అయిపోయావు."

ఇంత ప్రేమ ఒలకబోస్తోందంటే ఏదో ఉందనుకుంది ఒక్‌జు. ఊళ్ళో తనకెవరూ లేని కొత్తలో, గిన్నె అడుగున కరకరలాడే అన్నం చెక్క దాచి తనకు పెట్టిన మనిషి ఈ పిన్నే. అది గుర్తొచ్చినా మనసు కుదుటపడలేదు.

మధ్యాహ్నం పిన్ని పెరట్లో గిన్నెలు తోముతుంటే, ఒక్‌జు వంటగదిలో మేకుకు వేలాడుతున్న ఆమె సంచి దించి లోపల చెయ్యి పెట్టింది. మందుబిళ్ళలు, చేతిరుమాలు, పళ్ళూడిన దువ్వెన. కాయ ఒక్కటీ లేదు. తలెత్తేసరికి గుమ్మంలో పిన్ని, చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పిన్ని వెనుదిరిగి వెళ్ళిపోయింది.

ఇళ్ళకు వెళ్ళే వేళ, బోమీ అనే పిల్ల కోటు జేబు ఉబ్బెత్తుగా కనిపించింది.

"ఏంటే అందులో?"

"ఉడుతలవి" అంది బోమీ, జేబు గట్టిగా పట్టుకుని. "ఇవి ఉడుతల తిండి, తీసుకెళ్ళొద్దు అని కొండ దగ్గర బోర్డుంది. నాన్న చదివి చెప్పాడు. మనం దొంగలమా టీచర్? అందుకే రోజూ కొన్ని చెట్టు కింద పెట్టేస్తున్నా."

ఒక్‌జుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వంటగదికి పరుగెత్తింది.

"పిన్నీ, తప్పైపోయింది. బోమీ తీసిందట. నేనేమో నిన్ను..."

"పోనీలెండి టీచరుగారూ" అంది సున్‌రే, కోటు గుండీలు పెట్టుకుంటూ.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇంటికి పోయేముందు ఆమె తన సంచి తెచ్చి ఒక్‌జు బల్లమీద పెడుతుంది. దాని మూతి బార్లా తెరిచి, ఒక్‌జు లోపలికి చూసేదాకా అక్కడే నిలబడుతుంది.