అతుకుల్లేని బొంత

నేను అక్షరాలు మొదలుపెట్టింది అరవై మూడో ఏట. ఒత్తులు తప్పితే కోప్పడకండి. ఒక్కో మాట రాయడానికి నాకు సూదిలో దారం ఎక్కించినంత సేపు పడుతుంది. జరిగినదేదైనా రాసి క్లాసులో చదవమని పంతులమ్మ చెప్పింది. మంచి విషయమే రాయాలని అనలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అసలు నేను చదువుకోవడానికి కూర్చున్నదే కుళ్ళుతో.

మా చిన్న తోటికోడలు మా పై అంతస్తులో ఉంటుంది. దానికి బొంతలు కుట్టడం నేర్పింది నేనే. మొదట్లో వేలు పొడుచుకుని ఏడ్చేది. అలాంటిది నన్ను దాటిపోయింది. చేతిపనిలో కాదు, బట్టలో. నేను లాండ్రీ దుకాణంలో చిరుగులు కుడతాను. ఎవరూ వచ్చి తీసుకుపోని పాత చొక్కాలూ దుప్పట్లూ కోసి ఆ ముక్కలతో బొంతలు కుట్టుకుంటాను. దానికి మాత్రం నెలకో పార్సెల్ దిగుతుంది. సముద్రాల అవతల దుకాణాల నుంచి ఫోన్‌లో తెప్పించుకుంటుంది. కొత్త నూలు బట్ట, ఇక్కడి ధరలో సగం కూడా ఉండదట. ఒకదాని మీద నిమ్మకాయలు, ఒకదాని మీద పిట్టలు. పట్టుకుంటే పిల్లల బుగ్గలా ఉంటుంది.

"ఏ దుకాణమే అది?" అని అడిగాను ఒకసారి.

"ఏదోలే అక్కా, ఫోన్‌లో వెతుకుతుంటే తగులుతుంది" అంది, నా మొహం చూడకుండా.

అది చెత్తలో పడేసిన పార్సెల్ కవరు దొరికింది. దాని మీద దుకాణం పేరు ఇంతింత అక్షరాలతో ఉంది. నాకు చదవడం రాదు. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి కళ్ళకు గంతలు కట్టినట్టయింది. మర్నాడే పంతులమ్మ దగ్గరికి వెళ్ళాను. మన అక్షరాలకి ఏడాది, పరాయి అక్షరాలకి ఇంకో ఏడాది పట్టింది. అన్నాళ్ళూ ఆ కవరు నా పరుపు కిందే ఉంది. ఆఖరికి చదివాను.

చదివినా వెంటనే కొనలేదు. మా అమ్మాయి వచ్చి నిప్పు రాజేసే దాకా ఊరుకున్నాను.

అమ్మాయికి ఏడో నెల. నా గదిలో, నా కుర్చీలో కూర్చుని, నా ఎదురుగానే మా తోటికోడలితో అంది: "పిన్నీ, బిడ్డకి బొంత నువ్వే కుట్టాలి. ఆ పిట్టల బట్టతో."

"నేనేమన్నా పోయాననుకున్నావా?" అన్నాను.

"అది కాదమ్మా. నీ బొంతలు గట్టివే. కానీ ఎవరి చొక్కాలో ఏమో. పసిబిడ్డ కదా."

"ఎవరివైతే ఏం? మూడుసార్లు ఉడికిస్తాను. ఆ వేడికి చొక్కా తొడుక్కున్నవాడి పాపాలు కూడా పోతాయి."

"అయ్యో, అక్క ఉండగా నేనేంటే" అంది మా తోటికోడలు. అంటూనే కొలత టేపు తీసింది.

నా కడుపు భగ్గుమంది. దానికి ఇంట్లో మొగుడున్నాడు, మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. దానికి పార్సెళ్ళున్నాయి. ఇప్పుడు నా కూతురి బిడ్డ కూడా దాని అతుకుల మీదే పడుకోవాలా? బిడ్డ కింద పరిచేది నా బొంతే కావాలి, ఏమైనా సరే.

లాండ్రీ ఓనరమ్మ ఫోన్‌లో ఆ దుకాణం తెరిచాం. ఒక బొమ్మ దగ్గర నా వేలు ఆగిపోయింది. అరచేతిలో సగం ఉన్న చదరపు ముక్కలు వందల కొద్దీ, ఒక్కోటి ఒక్కో రంగు, అప్పటికే అతికి ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే ముక్కకీ ముక్కకీ మధ్య కుట్టు కూడా కనిపించింది. ఈ కళ్ళతో అన్ని ముక్కలు అతకాలంటే నాకు ఆరు నెలలు పడుతుంది. ధర చూస్తే ఒక మంచి తువ్వాలు అంత.

"ఇంత చవగ్గా ఎవరు కుట్టి ఇస్తారు? కింద రాసింది మొత్తం చదివావా?" అంది ఓనరమ్మ.

"చదివాను" అన్నాను. చదివింది ధర, పొడుగు, వెడల్పు. మిగతా సన్న అక్షరాలు వదిలేశాను. రాదని ఒప్పుకోవడం ఇష్టంలేక.

మూడు వారాలకి పార్సెల్ మా లాండ్రీ దుకాణానికే వచ్చింది. విప్పి చెయ్యి వేశాను. అతుకు తగల్లేదు. తిరగేశాను. వెనక తెల్లగా ఉంది. ముక్కలు లేవు, కుట్లు లేవు. ఒకటే గుడ్డ, దాని మీద బొంతను అచ్చు వేశారు. దారం టాకాలు కూడా అచ్చే.

ఓనరమ్మ ఇస్త్రీ బల్ల పట్టుకుని నవ్వింది. "బొంత ఫొటో కొన్నావు కదే తల్లీ!"

నేను నవ్వలేదు. ఇంటికొస్తే పైన మా తోటికోడలి మిషను చప్పుడు రోజూ వినిపిస్తోంది. ఆ గుడ్డ కింద దూది పరిచి, అచ్చు గీతల మీదే సన్నకుట్టు వేశాను. గీత ఉన్నచోటల్లా నా దారం వెళ్ళింది. పది రోజుల్లో అయిపోయింది. చూసేవాళ్ళకి అది వందల ముక్కల బొంత.

అమ్మాయి వచ్చినరోజు రెండు బొంతలూ మంచం మీద పరిచాం. దాని పిట్టలు బాగానే ఉన్నాయి. కానీ అమ్మాయి నా దాని మీదే వాలిపోయింది. "అమ్మా! ఇంత చిన్న ముక్కలా! ఈ కళ్ళతో ఎలా కుట్టావే?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి. "పిన్నీ, ఏమనుకోకు. బిడ్డకి ఇదే వేస్తాను."

"ఏమనుకుంటానే" అంది మా తోటికోడలు. వంగి నా బొంత మీద అరచెయ్యి వేసి, ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నిమిరింది. ఆ చేతికి పని నేర్పింది నేనే. రెండు ముక్కలు కలిసే చోట లోపలి మడత ఉబ్బుగా తగలాలి. అక్కడ ఒక్కటీ తగలదు. దాని చెయ్యి మధ్యలో ఒక్క క్షణం ఆగింది.

"అక్క చెయ్యి అక్క చెయ్యే" అంది. తన బొంత మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను గెలిచాను. అయినా ఒళ్ళంతా మండిపోయింది. బట్టలో అది గొప్ప, పేరులో అది గొప్ప, ఇప్పుడు మంచితనంలో కూడా అదే గొప్పా? దాని దయ మీద నేను గెలవాలా? అంతకన్నా ఓడిపోవడం నయం.

"ఆగవే" అన్నాను. "అమ్మాయ్, ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. అంతా అచ్చు. నేను కుట్టింది పైపై కుట్టే. మీ పిన్నికి తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకుంది, మహాతల్లి."

అమ్మాయి బొంతను చూసింది, నన్ను చూసింది. "ఎందుకమ్మా?"

"నీ బిడ్డ దాని బొంత మీద పడుకుంటుందని. ఇంకెందుకు?"

మా తోటికోడలు మంచం చివర కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అక్కా, ఈ గుడ్డే నా బీరువా అడుగున ఉంది. పోయినేడు ముక్కలనుకునే తెప్పించాను. సిగ్గేసి మీ మరిదికి కూడా చెప్పలేదు. అందుకే చెయ్యి వేయగానే తెలిసింది."

"ఆ దుకాణం పేరు నాకెందుకు చెప్పలేదే, నాలుగేళ్ళు?"

అది తల దించుకుంది. "నీ చేతికి నా బట్ట కూడా దొరికితే ఇక నన్నెవరు చూస్తారక్కా?"

ఈ మాట విని నాకు ఎంత సుఖంగా ఉందో రాయడానికి మాటలు రావు. నన్ను చూసి అదీ ఏడ్చిందన్నమాట! ఆ సుఖం కాసేపే నిలిచింది.

"నీకెంత పడింది?" అని అడిగాను.

"తగ్గింపులో కొన్నాను. అసలు ధరలో సగం."

మళ్ళీ మండింది.

బిడ్డ పుట్టి రెండు నెలలైంది. ఉయ్యాల్లో రెండు బొంతలూ వేసింది అమ్మాయి. పైన పిట్టలది, కింద నాది. మొదట్లో బాధపడ్డాను. తర్వాత ఊరట దొరికింది. బిడ్డ తడిపినప్పుడల్లా ముందు తడిసేది దానిదే.

ఇట్లు,
లాండ్రీ బొంతలమ్మ. వయసు అరవై ఆరు. ఉంటున్నది మెట్ల పక్క గదిలో. నెత్తి మీద మా తోటికోడలి మిషను ఇప్పుడు కూడా ఆడుతోంది, ఏం కుడుతోందో చెప్పడం లేదు.