జత కట్టిన ఓటు

వెర్మాంట్ శాసనసభలో ఓబెడ్ విల్లర్డ్‌కూ లైమన్ థేయర్‌కూ ఉప్పూ నిప్పూ. మిల్లులకు నీళ్లు కావాలి, లోయకు ఆనకట్ట కట్టి తీరాలని ఓబెడ్ పట్టుదల. ఆ లోయలోనే థేయర్ సొంతూరు. ఆనకట్ట పడితే ఇళ్లూ చర్చీ సమాధులూ అన్నీ మునుగుతాయి.

తీరా ఓటింగు వేళకు థేయర్ న్యుమోనియాతో మంచం పట్టాడు. ఎంత పగైనా మనిషి మనిషే కదా, ఓబెడ్ చూడబోయాడు.

"నాతో జత కడతావుటయ్యా?" అన్నాడు థేయర్, ఆయాసపడుతూ. "నేనెలాగూ రాలేను. నువ్వూ ఓటెయ్యకు. చెల్లుకు చెల్లు."

ఒకడు రాలేకపోతే ఎదుటి పక్షంవాడొకడు ఇలా ఓటు మానుకోవడం ఆ సభలో పాత ఆచారం. కాగితం లేదు, సాక్షి లేడు, నోటిమాటే.

"సరేలే, ముందా జావ తాగు" అంటూ ఓబెడ్ అతని చేతిలో చెయ్యేశాడు.

ఓటింగు నాటి పొద్దున్నే థేయర్ పోయాడని కబురొచ్చింది. పార్టీ నాయకుడు క్రేన్, ఓబెడ్‌ను పక్కకు లాగాడు.

"ఒక్క ఓటు తక్కువైందయ్యా! చచ్చినోడికిచ్చిన మాటేంటి, నీ మొహం! వాడితోనే పోయింది."

ఓబెడ్ చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే హాయిగా నిద్రపోయేవాడు.

గుమాస్తా పేర్లు పిలుస్తూ అలవాటుకొద్దీ "థేయర్" అనేశాడు. సభ గతుక్కుమంది. ఖాళీ కుర్చీలోంచి గరగరమంటూ ఊపిరి వినిపించింది ఓబెడ్‌కు. చుట్టూ చూశాడు. ఇంకెవరికీ వినపడినట్టు లేదు.

"విల్లర్డ్."

"సమ్మతం" అన్నాడు. బిల్లు నెగ్గింది. చప్పట్లు ఆగినా ఆ గరగర ఆగలేదు. మెట్ల మీద వెనకే వచ్చింది, గదిలోకీ వచ్చింది.

మర్నాడు శవపేటిక మొయ్యడానికి రమ్మని థేయర్ భార్య కెజయా మనిషిని పంపింది. వెళ్లకపోతే ఏమనుకుంటారోనని వెళ్లాడు. బిల్లు సంగతి లోయకింకా చేరలేదు.

"ఆయన నిశ్చింతగా పోయారు అన్నయ్యగారూ" అంది కెజయా. "విల్లర్డ్ మాటిచ్చాడే, ఇక భయం లేదు, నన్ను మన పిల్ల సమాధి పక్కనే పెట్టండి అన్నారు. మీ నోటితో ఒక్కసారి ఆయనకు చెప్పండి."

ఊరంతా చూస్తోంది. ఓబెడ్ గోతి మీదికి వంగాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"మాట నిలబెట్టుకున్నాను లైమన్" అన్నాడు.

కెజయా కళ్లు తుడుచుకుని, గోతికి ఇవతలి పక్క పచ్చిక చూపించింది.

"ఇది నాకోసం ఉంచమన్నారు. నన్ను దించడానికీ మీరే రావాలి."

"వస్తానమ్మా" అన్నాడు ఓబెడ్.