అడుగున నల్లరంగు

దశరథరామయ్య ఇంట్లో పెళ్ళాం పున్నమ్మ కన్నా బండికే స్నానాలెక్కువని వెనక వీధి రాఘవమ్మ అన్నదట. పున్నమ్మ మోకాళ్ళ నొప్పులతో బిందె మోసుకుంటుంటే, మోటారు పైపు మాత్రం ఆయన బండి మీదికే తిప్పుకుంటాడట. "ఆవిడ కూడా నాలుగు చక్రాలు బిగించుకుంటే సరి, ఆయన కంట్లో పడేది" అని ముక్తాయించిందని రత్తమ్మ మా ఇంటికొచ్చి మరీ చెప్పింది.

రాఘవమ్మ నోరు మంచిది కాదు. కానీ ఈ విషయంలో ఆమె కల్పించి చెప్పిందేమీ లేదు.

అది కొండలూ గుట్టలూ ఎక్కడానికి చేసిన జీపు బండి. బురదలో దిగితే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. దశరథరామయ్య చేతిలో పడ్డాక అది ఎక్కిన పెద్ద గుట్ట ఏదంటే నందిగామ సెంటర్లో స్పీడ్ బ్రేకరు. సర్పంచిగా ఉన్నప్పుడు పాతదే కొన్నాడు. పదవి ఒక్కసారి వచ్చి పోయింది, బండి మిగిలింది. ముందు అద్దం మీద 'మాజీ సర్పంచ్' అన్న అక్షరాలు మాత్రం ఎండకి వెలిసినప్పుడల్లా కొత్తగా రాయిస్తాడు.

ఇంత ముద్దు చేసిన బండిలోనే మిర్చి చేనికి పొటాష్ ఎరువు బస్తాలు తోలాడు. ఇంట్లో ట్రాక్టరు లేక కాదు. డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని పొలానికి పోవడం మాజీ సర్పంచికి నామోషీ. చిరిగిన బస్తాల్లోంచి రాలిందంతా ఉప్పు లాంటిదే. సాయంత్రానికి పైపు పెట్టి కడిగేసేవాడు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో ఎన్నడూ వంగి చూడలేదు. వంగడం కూడా నామోషీయే. పైన బండి అద్దంలా మెరిసేది. అడుగున, మొత్తం బరువు మోసే చాసిస్‌లోకి ఆ నీళ్ళు దిగి లోపల్లోపలే తినేశాయి.

ఒకరోజు బండి కింద పడ్డ తాళాల కోసం కొడుకు కల్యాణ్ దూరాడు. తుప్పు అప్పడాల్లా పొరలూడుతోందని బయటికొచ్చి చెప్పాడు.

"నీ చదువు కాలేజీలో పెట్టుకో" అన్నాడు తండ్రి. మర్నాడే చాసిస్‌కి దట్టంగా నల్లరంగు కొట్టించాడు. తుప్పు కనపడలేదు. కనపడనిది లేనట్టే ఆ ఇంట్లో.

కల్యాణ్ నందిగామ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. ఇనుము తుప్పెలా పడుతుందో బోర్డు మీద రాసి చూపించే మనిషి, ఇంట్లో మళ్ళీ నోరెత్తలేదు. భార్య నీహారిక చెవిలో ఓ మాట వేసి, నాన్న దగ్గర అనొద్దన్నాడు.

నీహారికకు ఏడో నెల. మొన్న ఆదివారం తల్లి ఉషశ్రీ చలిమిడి పట్టుకుని, పురిటికి తీసుకెళ్దామని జగ్గయ్యపేట నుంచి కిరాయి కారులో వచ్చింది. దశరథరామయ్య ముందు చేసిన పని ఆ కారును వెనక్కి పంపేయడం.

"మా కోడలు కిరాయి కారులో పుట్టింటికెళ్తే నా పరువేం కాను చెల్లెమ్మా?"

"ఒట్టి మనిషి కూడా కాదు కదా అన్నయ్యగారూ" అని నసిగింది ఉషశ్రీ.

"మా బండి ఏనుగమ్మా. ఏనుగెక్కి వెళ్తుంది."

తీరా చూస్తే ఏనుగు ముందు కాలు గాలి పోయి ఉంది.

"కానీరా, వర్జ్యం వచ్చేస్తుంది" అని పున్నమ్మ తొందరపెట్టింది. పసుపు కుంకుమల పళ్ళేలు పట్టుకుని ఆడవాళ్ళంతా అరుగు మీద నిలబడ్డారు. కల్యాణ్ చాసిస్ కింద జాకీ పెట్టి తిప్పాడు. జాకీ లేచింది. బండి లేవలేదు. చలిమిడిలో వేలు దిగినట్టు జాకీ చాసిస్‌లోకి దిగిపోయింది. నల్లరంగు తోలులా చీలి వేలాడింది. లోపల్నుంచి ఎర్రటి పొడి బొళబొళా రాలి కల్యాణ్ తెల్లచొక్కా నిండా పడింది.

"తప్పుచోట పెట్టావు. కాస్త వెనక్కి పెట్టు" అన్నాడు దశరథరామయ్య.

వెనక్కి పెట్టాడు. అక్కడా అంతే.

"నాన్నా, ఇది..."

"ఇదీ లేదు అదీ లేదు. ఇరుసు కింద పెట్టు."

ఇరుసు కింద పెడితే బండి లేచింది. చక్రం మార్చాడు కల్యాణ్. చొక్కా దులుపుకున్నాడు గానీ తండ్రి ముఖంలోకి చూడలేదు, పెళ్ళాం ముఖంలోకీ చూడలేదు.

దశరథరామయ్య ఆ ఎర్ర పొడిని చెప్పుతో మట్టిలోకి నెట్టాడు. "ఇనుమన్నాక కాస్త తుప్పుంటుంది. ఇప్పటి కార్లన్నీ రేకు డబ్బాలు, ఇదైతే గుద్దినా చెక్కుచెదరదు." కండువా సర్దుకుని తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కమ్మా. నేనుండగా నీకేం భయం?"

నీహారిక మెట్టు దిగి బండి దాకా వచ్చింది. కన్నం పడ్డ చోటు ఒకసారి చూసింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అక్కడే ఆగింది.

"ముందు మీరొక్కరూ జగ్గయ్యపేట దాకా వెళ్ళిరండి మామయ్యగారూ. తిరిగొస్తే అప్పుడెక్కుతా."