మూడో బేరింగు

“సార్‌కి టీ పట్రావే!” అని కేకేశాడు మొగుడు, కారు ఆసామి పక్కన నిలబడి, ఆమె చెయ్యి మోచేతిదాకా ఇంజన్‌లో ఉండగానే.

ఆ కారు ఎంత పాతదంటే, హారన్ కొడితే వీధిలో ముసలాళ్ళు దొరగారొచ్చారనుకుని కర్రలు పక్కన పడేసి నిటారుగా నిలబడేవాళ్ళు. దాని ఇంజన్ బయటికి తీసి బల్ల మీద పెట్టారు. ఆ ఇంజన్ కడుపులో క్యామ్‌షాఫ్టనే పొడుగాటి ఇనప కడ్డీ ఐదు బేరింగుల్లో తిరుగుతుంది. బేరింగంటే మెత్తటి లోహపు కడియం, దానికో చిల్లు. ఆ చిల్లు ఆయిలొచ్చే దారికి సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి. లోపలికి కొట్టేటప్పుడు చిల్లు కనపడదు, అందుకే ముందే అంచు మీద గీత పెట్టుకోవాలి. రెండింటిని అలా గీత చూసి కొట్టింది. మూడోది చేతిలోకి తీసుకుందో లేదో, టీ కేక పడింది.

మొగుణ్ణి వీధంతా ఇంజన్ డాక్టరంటారు. డాక్టరుగారి బొజ్జ బానెట్ కిందికి రావాలంటే ముందు ఇంజన్ బయటికి పోవాలి. కాబట్టి సన్నపనంతా ఆమెది, పేరు ఆయనది. “మా ఆవిడ స్పానర్లు అందిస్తుంది సార్” అంటాడు. పోయినేడు ఒక ఇంజన్ పట్టేసి ఆగిపోయినప్పుడు మాత్రం “ఆవిడ చెయ్యి పెట్టింది సార్, అదీ సంగతి” అన్నాడు. “నువ్వు షెడ్డులో కూర్చుంటే ఇల్లెవరు చూస్తారే?” అంటుంది అత్తగారు, ఆమె వండినది తింటూ.

పొయ్యి దగ్గర నిలబడి టీ మరుగుతుంటే చూస్తూ, ఆయన చేసిన పనులు ఎన్నిసార్లు విప్పి మళ్ళీ బిగించిందో గుర్తు చేసుకోబోయి మానేసింది. మధ్యాహ్నం ఆయన గురక మొదలెడితే కిటికీ రెక్కలు వాటంతటవే తెరుచుకుని మూసుకునేవి, ఆ మోతలో ఆమె సుత్తి దెబ్బలు కలిసిపోయేవి. నిద్ర లేచి, సరిగ్గా ఉన్న ఇంజన్ చూసి మీసం తిప్పుకునేవాడు. పాపం, ఆయనకి తెలీదులే అనుకునేది. తెలిస్తే చిన్నబోతాడని కూడా అనుకునేది.

టీ తెచ్చేసరికి మిగతా మూడూ ఆయనే కొట్టేశాడు, కారు ఆసామికి తన గొప్పలు చెప్పుకుంటూ. ఆమె టార్చి వేసి చూసింది. నాలుగూ ఐదూ అదృష్టం కొద్దీ కుదిరాయి. మూడోదాంట్లో చిల్లు ఉండాల్సిన చోట బోడి లోహం మెరుస్తోంది.

“ఏవండీ, మూడోది తిరిగిపోయింది. ఆయిల్ రాదు.”

“నీకు కళ్ళు సరిగ్గా ఆనవులే. షాఫ్టు దించు.”

షాఫ్టు బేరింగులకి గీసుకోకుండా దించగలిగేది ఆమె చెయ్యొక్కటే. దించితే ఇంజన్ కాలుతుంది. కాలితే ‘ఆవిడ చెయ్యి’ అనే మాట మళ్ళీ వస్తుంది.

“దించనండి” అంది.

ఆసామి టీ తాగడం ఆపాడు. మొగుడు దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. ఆయన గుసగుస పక్కవీధికి కూడా వినపడుతుంది.

“సార్ ముందు పరువు తియ్యకే. మధ్యాహ్నం నేను పడుకున్నాక ఎప్పట్లాగే సరిచేద్దువులే.”

ఎప్పట్లాగే. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఏమీ దాచుకున్నవాడిలా లేడు. దాచాల్సిన సంగతని ఎప్పుడూ అనుకోనేలేదు.

ఆమె గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

“సార్, మూడో బేరింగు తీసి, గీత పెట్టి, కొత్తది కొట్టాలి. డాక్టరుగారు కొడతారు, మీరు దగ్గరుండి చూసుకోండి” అని ఆసామితో చెప్పి, మొగుడి వైపు తిరిగింది. “ఈ మధ్యాహ్నం నేనూ పడుకుంటానండి.”