హోదా గడిలో ఏం రాయాలి?

ఆదివారం ఆరాధన ముగిసీ ముగియగానే ప్రేమలీల బైబిలు సంచీని కూతురి చేతిలో పెట్టి బస్సెక్కేసింది. డిగ్రీలో తనతో చదివిన వాళ్ళందరూ ఇరవై ఏళ్ళ తర్వాత మైపాడు బీచి దగ్గర కలుసుకుంటున్న రోజది. "ఇందుకూరుపేట దాటినాం, పది నిమిషాల్లో వచ్చేస్తా" అని ఫోనులో చెబుతుంటే నలభై దాటిన ఆమె గొంతులో కాలేజీ నాటి హుషారు వినిపించింది.

షామియానా కింద అడుగు పెట్టీ పెట్టకముందే భానుప్రియ పరుగున వచ్చి వాటేసుకుంది. అల్లూరులో టీచరుగా పనిచేస్తోందామె.

"ఏందే, అట్నే ఉండావు!"

"నువ్వు మాత్రం ఇద్దరయినావు."

"మా ఆయన వంట అంత బాగుంటాది మే!"

ఈ కలయికకు పెద్ద ప్రవీణ్. తడలో ఒక కంపెనీలో మేనేజరని అందరూ చెప్పుకుంటారు. నెత్తిన టోపీతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నీడలో టోపీ ఏందిరా, తియ్యి!" అని ఎవరో అరిచారు.

"బట్టతల ఇది, తీస్తే నేనెవురో మీకు తెలీదురా!" అన్నాడు. షామియానా అంతా ఘొల్లుమంది.

పాఠకులారా, ఇంత సందడిలోనూ ఒక చిన్న ప్రశ్న కొందరి గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటోంది. నెల కిందట ప్రవీణ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం పెట్టాడు. పేరు, ఉద్యోగం, హోదా, పిల్లల చదువు. అందరి వివరాలతో ఒక పుస్తకం వేద్దామన్న ఆశే తప్ప అతనికి వేరే ఉద్దేశం లేదు. ఒకరు బ్యాంకు మేనేజరని రాశారు. ఇంకొకరు డిప్యూటీ తాసిల్దారని రాశారు. ప్రేమలీల "రొయ్యల ఫ్యాక్టరీలో కూలి" అని టైపు చేసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. వాళ్ళింట్లో మొదట డిగ్రీ చదివింది తనే. పట్టా వచ్చిన రోజు తల్లి ఎస్తేరమ్మ వీధంతా మిఠాయి పంచింది. ఆ మిఠాయి గుర్తుకు రాగానే కూలి అన్నది చెరిపేసి "క్వాలిటీ ఆఫీసర్" అని పంపించింది. ఆ పుస్తకం అచ్చయి ఈ రోజే అందరి చేతికీ వచ్చింది.

భోజనాలకు ముందు భానుప్రియ ఆమెను పక్కకు పిలిచింది.

"మా అక్క కూతురు బీఎస్సీ అయిపోయింది ప్రేమా. తిరపతిలో ఒక ల్యాబులో రమ్మన్నారు. మీ ఫ్యాక్టరీలో ఆఫీసరుగా నువ్వుండావు గదా, ఇంటికి దగ్గరని ఆ తిరపతి ఉద్యోగం వద్దనుకుంటా ఉండాం. సాయంత్రం లోపల వాళ్ళకి ఏదో ఒకటి చెప్పేయాల. రేపు పాపను మీ ఫ్యాక్టరీకి పంపించేదా?"

పరువు కోసం ప్రేమలీల రాసిన రెండు మాటలు ఒక ఆడపిల్ల ఉద్యోగం పోగొట్టబోతున్నాయి. చూద్దాంలే అని దాటవేయవచ్చు. అప్పుడు తన గుట్టు దాగుతుంది, ఆ పిల్ల దారి మూసుకుపోతుంది.

అంతలోనే ప్రవీణ్ పరిచయాలు మొదలుపెట్టి, మైకు తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు.

"నా పేరు ప్రేమలీల" అంది. "పుస్తకంలో ఉండేది అబద్ధం. నేను ఆఫీసర్ని కాదు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఏరతాను. కిలోకి ముప్పై తూగే పెద్దవి ఒక ట్రేలో, నూరు తూగే చిన్నవి ఇంకో ట్రేలో. ఆ ఫారం చూడంగానే నన్ను గూడా ఎవురో తూకమేసి చిన్నరొయ్యల ట్రేలో పడేస్తారని భయమేసింది. భానూ, పాపకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. తిరపతి ఉద్యోగం ఒదులుకోవద్దని చెప్పు."

భానుప్రియ ఎర్రబడిన కళ్ళతో లేచింది.

"నీ చెవులు పిండాల! ఊరందరికీ ఏమన్నా రాసుకో, నాకు చెప్పకూడదా?" అంటూనే ఫోను తీసి అక్క కూతురితో మాట్లాడింది. పెట్టేసి, ప్రేమలీల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "వెళ్తానంటా ఉంది. బతికించినావు."

ప్రవీణ్ మైకు తీసుకుని టోపీ తీసేశాడు. "నన్ను ఉద్యోగంలోనుంచి తీసేసి మూడు నెలలయింది. ఫారం పెట్టింది నేనే, అందులో మొదటి అబద్ధం రాసింది గూడా నేనే."

మొదటి అబద్ధమన్న మాటకు అందరూ నవ్వేశారు. ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి అతని భుజాలు పట్టుకుని కుదిపేశారు.

ముందు వరసలో కూర్చున్న కెమిస్ట్రీ లెక్చరర్ రంగనాయకులుగారు అడిగారు. "మీ క్లాసు నలభై ఇద్దరు. ఇక్కడ ముప్పై ఒక్కరే ఉన్నారు. తక్కినవాళ్ళు?"

ప్రవీణ్ తల వంచుకున్నాడు. "వాళ్ళు ఫారం నింపలేదు, రానూ లేదు సార్. హెబ్రోను నాకు ఫోన్ చేసినాడు. ఆటో తోలతా ఉండాను, హోదా గడిలో ఏం రాయాల్రా అన్నాడు. నేను... ఏదో ఒకటి రాయరా అన్నాను. వాడు మళ్ళా చెయ్యలేదు."

"వాడికి ఫోను కలుపు" అన్నారాయన.

అవతలి నుంచి ఆటో చప్పుడు వినిపించగానే మాస్టారు క్లాసులో పిలిచినట్టే పిలిచారు. "రోల్ నంబర్ పదిహేడు!"

ఆటో ఆగిన చప్పుడు.

"ప్రెజెంట్ సార్" అన్నాడు హెబ్రోను.

"లేటుగా వచ్చినా హాజరు వేస్తానురా. రా!"

"పాసింజర్లను దించేసి అరగంటలో ఉంటా సార్!"

షామియానా ఎగిరిపోయేటట్టు ఈలలు వేశారు. ప్రేమలీల చప్పట్లు కొడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఐసుకు పగిలిన ఆ చేతులను దాచుకోవాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

రంగనాయకులుగారు మైకు అందుకున్నారు. "మూడేళ్ళు మీకు హాజరు వేశాను. ఎవరి నాన్న ఏం చేస్తాడో అడిగి వేయలేదు. కష్టపడి చేసే ఏ పనికైనా మర్యాద ఉంది. మనవాళ్ళ దగ్గర కూడా ఆ పనిని దాచుకోవలసి వస్తోందంటే, తప్పు మనం అడిగే ప్రశ్నలోనే ఉంది. మిగతా పదిమందికీ ఫోన్లు చేయండి."

ప్రవీణ్ అప్పటికే తర్వాతి నంబరు నొక్కుతున్నాడు. "ఏం చేస్తా ఉండావురా" అనబోయి నాలుక కరుచుకుని, "ఎట్లుండావురా?" అన్నాడు.

పాఠకులారా, మీ పాత మిత్రులు కలిసినప్పుడు మీరూ ముందుగా ఆ మాటే అడగండి. మన ప్రశ్నకు భయపడి ఏ స్నేహితుడూ ఇంట్లోనే ఉండిపోకూడదు.