నలభై పౌన్ల ఉప్పు

మా ఆయన హార్లన్ గడ్డికోత బండి ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. ఇప్పుడు అది ఏ రంగో చెప్పడానికి ధైర్యం కావాలి. దాని మీద కూర్చుని ఇరవై రెండేళ్లుగా మా చర్చి వెనక సమాధుల తోటలో గడ్డి కోస్తున్నాడు. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ వద్దనలేదు. అది హార్లన్ పని, అంతే.

ఈ మే నెలలో ఆ పనికే ఎసరొచ్చింది. సోమవారం సైనికుల స్మారక దినం, ఊరంతా జెండాలూ పూలూ పట్టుకుని సమాధుల దగ్గరికి వస్తుంది. గురువారం నాటికి గడ్డి మోకాళ్ల దాకా ఉంది. బండి మాత్రం బుద్ధిగా స్టార్టయ్యేది, కాసేపు గుర్రుమనేది, బ్లేడు మీట వేయగానే టక్కున ఆగిపోయేది.

ఆ సాయంత్రం చర్చి కమిటీ పెద్ద మెల్విన్ వచ్చి మా కంచె మీద మోచేతులు ఆనించాడు. మా ఊళ్లో ఎవరూ అసలు సంగతి ముందు ఎత్తరు. వానల గురించి, తర్వాత మొక్కజొన్న గురించి మాట్లాడాలి. ఆ రెండూ అయ్యాయి.

"శనివారం మధ్యాహ్నం దాకా చూస్తానోయ్ హార్లన్. అప్పటికీ కాకపోతే పక్క ఊరి కంపెనీని పిలుస్తా. వాళ్లకి నాలుగు బండ్లున్నాయి. ఇక ఏటా తామే చూసుకుంటామంటున్నారు."

"దానికేముంది, నీ ఇష్టం," అన్నాడు హార్లన్. ఆ రాత్రి భోజనంలో బంగాళాదుంపలు ముట్టలేదు. ముట్టకపోవడం నవంబరు నుంచీ ఉన్నదే, కానీ ఆ రోజు నాకు మరీ కష్టంగా అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే వైద్యం మొదలైంది. బ్యాటరీ కొనల మీద తెల్లగా పూత పేరుకుందని నా వంటసోడా డబ్బా మొత్తం నీళ్లలో కలిపి కడిగాడు. ఫ్యూజు తీసి వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు, బాగానే ఉంది. బండి ఒంటికి బిగించే వైరు దగ్గర తుప్పుందని నా గోళ్లు రుద్దుకునే ఆకురాయితో గీకాడు. ఇంజన్ కింద ఎలుక గూడు కనిపించినప్పుడు మాత్రం లాటరీ తగిలినంత సంబరపడ్డాడు.

"ఇదిగో ఆర్డిస్, దొరికాడు దొంగ! వైరు తోలంతా కొరికేసింది."

ఆ వైరుకు టేపు చుట్టాడు. ఎక్కి కూర్చున్నాడు, మీట వేశాడు. టక్.

"సీటు కింద స్విచ్ ఉంది కదా, మనిషి లేకపోతే ఇంజన్ ఆపేది. దాన్ని పీకేసి ఆ రెండు వైర్లూ కలిపేయరాదూ? ఊళ్లో మగాళ్లంతా అదే చేశారు," అన్నాను.

"మా అన్న కూడా అదే చేశాడు. వాడి కాలికి ఎన్ని వేళ్లున్నాయో లెక్కపెట్టుకో పో. అయినా ఆ స్విచ్‌కేం రోగం? బొటనవేలితో నొక్కితే కరెంటు చూసే మీటరు శుభ్రంగా పలుకుతోంది."

శనివారం పదింటికి మెల్విన్ మళ్లీ వచ్చాడు. వానలు, మొక్కజొన్న. తర్వాత "ఓసారి నేను కూర్చోనా?" అన్నాడు. మెల్విన్ మనిషి పీపాలా ఉంటాడు. కూర్చున్నాడు, మీట వేశాడు, బ్లేడు గిర్రున తిరిగింది. మా పెరడు చుట్టూ ఒక చుట్టు వేసి, నా గులాబీ మొక్క ఒకటి కోసేసి, దిగాడు.

హార్లన్ ఎక్కాడు. టక్.

మెల్విన్ ఎక్కాడు. గిర్రున తిరిగింది. హార్లన్ ఎక్కాడు. టక్.

మెల్విన్ సీటు వైపు చూశాడు. హార్లన్ నడుము వైపు చూశాడు. ఆ తర్వాత చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. "మబ్బు పట్టేలా ఉంది," అని చక్కా పోయాడు. వాడికి అర్థమైందని నాకు అర్థమైంది. ఇంకొకరి ఒంటి గురించి నోరెత్తడం మా ఊళ్లో మర్యాద కాదు, బండి తగలబడిపోతున్నా సరే.

నాకు ఒళ్లు మండింది, ముందు నా మీద నాకే. పదేళ్ల కిందట తన బరువుకి సీటు కిందికి కుంగి అడుగుకి తగులుతోందని హార్లన్ పాత లారీ స్ప్రింగులు తెచ్చి బిగించాడు. ఇప్పుడున్న హార్లన్‌కి అవి నొక్కుకోవు. స్విచ్ దృష్టిలో ఆ సీటులో ఎవరూ లేరు. చలికాలమంతా ఆయన చిక్కిపోతుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. వాళ్ల నాన్న ఇలాగే కరిగి కరిగి వసంతానికల్లా పోయాడు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని నాకు భయం.

"హార్లన్, నీకేమైంది? దాచకుండా చెప్పు. సగమైపోయావు."

ఆయన నన్ను వింతగా చూశాడు. మొహం మెల్లగా వెలిగింది.

"కనిపిస్తోందా?"

"కనిపించకపోవడమేంటి?"

"నవంబరులో డాక్టరు షుగరు వాకిట్లో ఉందన్నాడు. నలభై పౌన్ల బరువు తగ్గమన్నాడు. తగ్గా! ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఆర్నెల్లుగా చూస్తున్నా. ఒక్కరూ అనలేదు, నువ్వూ అనలేదు. పైగా ప్యాంట్లన్నీ ఎప్పట్లాగే సరిపోతున్నాయి. తూకం మిషనే చెడిపోయిందనుకున్నా."

"ప్యాంట్ల నడుములు నేనే బిగించి కుట్టేశాను," అన్నాను. "నీకు తెలియకుండా. మూడుసార్లు."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆయన్ని రెండు దెబ్బలు కొట్టాలనీ అనిపించింది. మూడింటిలో రెండు చేశాను. ఏ రెండో చెప్పను.

అప్పటికి పదకొండు. స్ప్రింగులు మార్చే టైము లేదు. నేల కింద గదిలో, నీళ్లలో సున్నం తీసేసే మిషన్‌లో పోసే ఉప్పు బస్తా ఉంది, సరిగ్గా నలభై పౌన్లది. ఇద్దరం బండి దాకా మోసుకొచ్చాం, ఆయన ఎక్కి కూర్చున్నాక నేను ఎత్తి ఒళ్లో పెట్టాను. నాకే నడుము పట్టేసింది. ఇంత బరువు ఈ మనిషి ఒంటి మీంచి దింపాడా అనుకున్నాను.

మీట వేశాడు. బ్లేడు తిరిగింది.

మధ్యాహ్నానికి మెల్విన్ కంపెనీ వాళ్ల నంబరు జేబులో పెట్టుకుని వచ్చేసరికి సమాధుల తోటలో సగం నున్నగా ఉంది. మనిషి ఒంటి గురించి అడగకూడదు కానీ, బస్తా గురించి అడిగితే తప్పు లేదు.

"ఒళ్లో అదేంటోయ్ హార్లన్?"

హార్లన్ బ్లేడు ఆపాడు, బ్రేకు బిగించాడు, కథ మొదటి నుంచీ చెప్పాడు. అటుగా పోయే కార్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరికీ చెప్పాడు. పని సాయంత్రం దాకా సాగింది, సగం కోతకి, సగం కబుర్లకి.

కొత్త స్ప్రింగులు జూన్‌లోనే వచ్చాయి. డబ్బా ఇంకా విప్పలేదు. ఎందుకని అడిగితే, దక్షిణం వైపు రోడ్డులో ఉండేవాళ్లు కొందరు ఇంకా బస్తా గురించి అడగలేదట.